టైర్లకీ పరగడుపే

రెండు నెలల పాటు నా ఫోన్‌కి వారానికోసారి ఒకే సందేశం వచ్చేది. "మీరు కొన్న వస్తువు ఎలా ఉంది? మీ అనుభవాన్ని తోటి కొనుగోలుదారులతో పంచుకోండి." కొన్నది అరచేతిలో ఇమిడే చిన్న మెషీన్. కారు టైరులో గాలి ఎంతుందో చెబుతుంది. ఎలా ఉందో రెండు ముక్కలు రాసి పడేస్తే ఆ సందేశాల పీడ వదిలేది. కానీ నేను రాయలేదు. ఆ మెషీన్ కొన్న అసలు పని తీరేదాకా దాని గురించి మంచీ చెడూ చెప్పకూడదని మొండిగా కూర్చున్నాను.

అసలు పని ఏమిటంటే మా అత్తగారు నా కారు ఎక్కడం.

కారు నాదని అనడం అలవాటైపోయింది గానీ, కొన్నది మావారు. ఆయనది ప్రభుత్వోద్యోగం. ఖమ్మానికి బదిలీ అయ్యాక శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేవారు. వారమంతా కారు నల్లగండ్లలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము కప్పుకుని పడుండేది. నేను నలభై ఆరేళ్ళ వయసులో, గచ్చిబౌలి ఆఫీసు బస్సు కోసం ఎండలో నిలబడీ నిలబడీ విసిగి, ఒకరోజు డ్రైవింగ్ స్కూల్లో చేరిపోయాను. మూడు నెలలు తిట్లు తిని నేర్చుకున్నాను. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఇంటికి మిఠాయి డబ్బా తెచ్చాను. అత్తగారు ఒక చిన్న ముక్క తుంచుకుని, సుగరు ఉంది కదా అని మిగతాది పక్కన పెట్టి, "బాగుందమ్మాయ్, జాగ్రత్తగా నడుపుకో" అన్నారు. నడుపు అనలేదు, నడుపుకో అన్నారు. అంటే నువ్వొక్కదానివే అని. నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాత తట్టింది. అత్తగారికి మూసాపేటలో చెల్లెలు ఉన్నారు. రెండు వారాలకోసారి శనివారం పొద్దున ఆమె ఇంటికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనం చేసి, పుట్టిన ఊరు తణుకు కబుర్లన్నీ తవ్వుకుని సాయంత్రానికి తిరిగొస్తారు. శనివారం నాకు సెలవు. "నేను దింపుతానత్తయ్యా" అని ఆశగా అడిగేదాన్ని. ప్రతిసారీ ఏదో ఒక సాకు. నీకు వారానికి దొరికేదే రెండు రోజులు, పడుకో అనేవారు. ఇంకోసారి ఎండగా ఉందమ్మా అనేవారు. కారులో ఏసీ ఉంది కదా అంటే ఏసీకి మోకాళ్ళు పట్టేస్తాయనేవారు. అలా చెప్పి గేటు దగ్గర ఆటో ఎక్కి, మియాపూర్‌లో దిగి, మెట్రోలో మూసాపేట వెళ్ళేవారు. డెబ్భై మూడేళ్ళ మనిషి. మెట్రోలో ఉండే ఏసీ ఆమె మోకాళ్ళనేమీ చేసేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక నిలదీశాను. "ఆటో ఎక్కుతారు గానీ నా కారు ఎక్కరేం?"

ఆమె సంచి సర్దుకుంటూ, "ఆటోకి తలుపులుండవమ్మాయ్. ఏదైనా అయితే దిగిపోవచ్చు" అన్నారు.

నవ్వు రావాల్సిన మాటే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆదివారం కొడుకు స్టీరింగ్ పట్టుకుంటే ఇదే మనిషి ముందు సీట్లో దర్జాగా కూర్చునేవారు. ఆ కారుకీ తలుపులున్నాయి. ఆడది నడిపితే నమ్మకం లేదన్నమాట, అదీ కోడలైతే మరీనూ అని నాలో నేనే కేసు రాసుకుని, నేనే తీర్పు చెప్పేసి ఏడాదిపాటు ఉడికిపోయాను. నాకు కోపం తొందరగా వస్తుంది. పోయేటప్పుడు మాత్రం ఆ తొందర ఉండదు.

ఆ ఉడుకు మీదే ఒక ఆదివారం పెట్రోలు బంకుకి వెళ్ళాం. ఆ రోజు నేనే నడుపుతున్నాను, మావారు పక్కన కూర్చున్నారు. గాలి పెట్టే మనిషి పైపు పట్టుకుని వచ్చి, నా ముందు నుంచి తల వంచి, నన్ను దాటి ఆయన్ని అడిగాడు. "సార్, ఎంత పెట్టాలె?"

"ముప్పై మూడు" అన్నాను నేను. డ్రైవరు తలుపు తీస్తే లోపలి అంచుకు అంటించిన కాగితం మీద కంపెనీవాళ్ళు రాసిన అంకె అదే.

అతను నావైపు చూడనైనా చూడలేదు. "సార్?"

"ముప్పై అయిదు పెట్టెయ్" అన్నారు మావారు, ఆ కాగితం ఉందన్న సంగతే తెలియని మావారు. గాలి పెట్టడం అయ్యాక దిగి, కారు చుట్టూ తిరిగి, నాలుగు టైర్లనీ చెప్పు కాలితో ఒక్కో తన్ను తన్ని, తృప్తిగా తలాడించి వచ్చి కూర్చున్నారు. ఎప్పుడు కారు తీసినా ఆయనకిది అలవాటు. తంతే ఏం తెలుస్తుందని నేను ఎప్పుడూ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వలేదు. ఇంటికి రాగానే ఫోన్ తీసి, గాలి కొలిచే మెషీన్ కోసం వెతికాను.

కొనేముందు అందరూ రాసిన అనుభవాలు చదవడం నా జబ్బు. చీపురు కొన్నా వంద మంది అభిప్రాయం తీసుకుంటాను. ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి, "ఇంకా వాడలేదు, కానీ చాలా బాగుంది" అని రాశాడు. ఒకామె ఒక్క నక్షత్రమిచ్చి, "డబ్బా నలిగి వచ్చింది" అంది. మెషీన్ ఎలా పనిచేసిందో ఎక్కడా లేదు. ఇంకొకాయన ఫుట్‌బాల్‌లో గాలి చూశాడట, మొగుడి పుట్టినరోజుకి ఇస్తే మురిసిపోయాడని ఇంకొకామె. చివర్లో ఎవరో, "నాకు కారు లేదు, కొన్నాక చెబుతాను" అని రాశాడు. అతని నిజాయితీ నచ్చి అదే ఆర్డరు పెట్టాను.

మూడో రోజు వచ్చింది. డబ్బా నలిగే వచ్చింది. లోపల మెషీన్ మాత్రం నిక్షేపంగా ఉంది. ఒక పక్క మూతి, ఒక పక్క అంకెలు కనబడే చిన్న తెర. టైరు మీది మూత విప్పి ఆ మూతిని నొక్కి పట్టుకుంటే చాలు, అంకె వస్తుంది. సరిగ్గా పట్టుకోకపోతే బుస్సుమని గాలి పోతుంది, అంకె రాదు. మొదటి రోజు నాకు నాలుగైదు సార్లు బుస్సే వచ్చింది.

అవి మే నెల ఎండలు. సాయంత్రం అయిదింటికి ఆఫీసు నుంచి వచ్చి, సెల్లార్‌లో కారు ఆపీ ఆపగానే కూర్చుని కొలిచాను. ముప్పై ఎనిమిది. బంకువాడి మీద కసి పెరిగింది. ముప్పై అయిదని చెప్పి ముప్పై ఎనిమిది కొట్టాడన్నమాట. నాలుగు టైర్లలోనూ గాలి వదిలి, జాగ్రత్తగా ముప్పై మూడుకి తెచ్చాను. గెలిచాననుకుని పైకి వెళ్ళి కాఫీ తాగాను.

మర్నాడు పొద్దున చూస్తే ఇరవై తొమ్మిది. నాలుగూ అంతే.

నాలుగు టైర్లకీ ఒకేసారి పంచర్ ఎలా అవుతుంది? కారు మెల్లగా నడుపుకుంటూ దగ్గర్లోని పంచర్ దుకాణానికి వెళ్ళాను. అక్కడి పెద్దాయన నాలుగు చక్రాలకీ సబ్బునీళ్ళు చల్లి, వంగి వంగి చూసి, నడుం పట్టుకుని లేచాడు.

"లీకు లేదు ఏం లేదు మేడం. ఉత్తగనే పరేషాన్ అయితున్రు. ఆ మిషన్ల గిషన్ల నమ్మకున్రి, మంచిగ ఇంట్ల కూసోన్రి" అని మళ్ళీ గాలి నింపాడు.

ఆ సాయంత్రం మళ్ళీ ఎక్కువ. మళ్ళీ వదిలాను. పొద్దున మళ్ళీ తక్కువ. వారం రోజులు ఇదే తంతు. ఆఫీసులో చెబితే, నాలాగే ఈ మెషీన్లు కొన్నవాళ్ళు మరో ఇద్దరు బయటపడ్డారు. ముగ్గురం మధ్యాహ్నం భోజనాలయ్యాక పార్కింగ్‌కి వెళ్ళి, ఒకే టైరుని మూడు మెషీన్లతో కొలిచాం. మూడూ మూడు అంకెలు చూపించాయి. ఎవరి మెషీన్ వాళ్ళకి నిజం. సాఫ్ట్‌వేర్ కోడు రాసి బతికే ముగ్గురం, ఒక టైరు ముందు అరగంట వాదించుకుని, ఏమీ తేల్చకుండా మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్ళాం.

ఆ మర్నాడు పొద్దున నేను సెల్లార్‌లో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని టైరు ముందు గొంతుక్కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి, "ఏంది మేడం, రోజూ గిట్లనే కూసుంటున్రు. ఏమన్న పడిపోయిందా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు అతని వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది.

"అది సుగర్ మెషీన్‌లా ఉందేమిటమ్మాయ్?"

పూలు కోసుకుందామని కిందకి దిగారట. నా చేతిలోంచి మెషీన్ తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ తిప్పారు. ఆమెకి పదిహేనేళ్ళుగా సుగరు ఉంది. ప్రతిరోజూ పొద్దున వేలు గుచ్చుకుని, అంకె చూసి, ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం చంకలో ఉంటుంది. డాక్టరు మాట తప్పుతాడేమో గానీ ఆ పుస్తకం తప్పదు.

నా వారం రోజుల గోల ఆమెకి చెప్పాను. సాయంత్రం ఎక్కువ, పొద్దున తక్కువ, ఎంత వదిలినా ఎంత నింపినా అదే వరస అని. ఆమె అంతా విని, చాలా మామూలుగా అడిగారు.

"సాయంత్రం చూసేది తిరిగొచ్చాకా, ముందా?"

"తిరిగొచ్చాకే. అప్పుడే కదా తీరిక."

"అయితే అది తిన్నాక చూసినట్టు. తిన్నాక ఎవరికైనా ఎక్కువే ఉంటుంది. దాన్ని చూసి మందు వేసుకుంటే తెల్లారేసరికి కళ్ళు తిరిగి పడిపోమూ? పరగడుపున చూడాలమ్మాయ్. కారు తియ్యకముందు."

ఎండలో రోడ్డు మీద పరిగెత్తి వచ్చిన టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, అంకె పెరుగుతుంది. ఇంజనీరింగ్ చదివాను నేను. ఇది ఎనిమిదో తరగతి పాఠం. ముగ్గురు ఇంజనీర్లకి అరగంటలో తట్టనిది, మా అత్తగారికి ఒక్క ప్రశ్నలో తేలిపోయింది. సిగ్గేసింది. సిగ్గుతో పాటు నవ్వూ వచ్చింది. ఇద్దరం టైరు పక్కన పకపకా నవ్వుకున్నాం. వాచ్‌మన్‌కి ఏమీ అర్థం కాలేదు గానీ అతనూ నవ్వాడు.

నవ్వు తగ్గాక ఆమె మెషీన్ నా చేతిలో పెట్టి, నెమ్మదిగా అన్నారు. "ఇప్పటికి నువ్వు టైర్లు చూడ్డం మొదలెట్టావు. అదే పదివేలు."

"అంటే?"

"మా అబ్బాయి బండి తీసేముందు నాలుగు టైర్లూ తన్ని చూస్తాడు. మీ మామయ్యగారూ అంతే. సూర్యాపేట దగ్గర మా అద్దె కారుకి టైరు పేలింది. వాడికప్పుడు ఏడేళ్ళు. బండి గిర్రున తిరిగి పొలంలోకి దిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదనుకో. ఆ తరవాత మీ మామయ్యగారు టైరు తన్నకుండా ఏ బండీ ఎక్కలేదు. వాడికీ ఆ అలవాటే వచ్చింది. నువ్వేమో బ్యాగు వెనక సీట్లో పడేసి, నేరుగా ఎక్కి కూర్చుని వెళ్ళిపోతావు. పైనుంచి బాల్కనీలో చూస్తుంటాను. నాకు భయం వెయ్యదూ?"

ఏడాదిగా నేను రాసుకున్న కేసు కాగితాలన్నీ ఒక్కసారి చిరిగిపోయాయి. నేను ఆడదాన్నని కాదు, కోడల్నని కాదు. టైరు తన్నలేదని. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది, నా సంగతి తెలుసు కదా. "మరి ఈ ముక్క ఏడాది కిందటే చెప్పొచ్చుగా అత్తయ్యా" అన్నాను.

"బాగుంది వరస. పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసిన బండిని కాలితో తన్నమని కోడలికి ఏ అత్తయినా చెబుతుందా?"

నేను టైరు మూత బిగించి లేచాను.

ఆ రోజు నుంచి మా పొద్దు కొత్తగా మొదలయ్యేది. ఆరున్నరకి ఆమె వేలు గుచ్చుకునేవారు, తరవాత ఇద్దరం లిఫ్ట్‌లో కిందకి దిగేవాళ్ళం. నేను మూత విప్పి మెషీన్ పట్టుకునేదాన్ని, ఆమె అంకె చదివి పుస్తకంలో రాసేవారు. ఎడమ పేజీలో తన సుగరు, కుడి పేజీలో కారు గాలి. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ అని నాలుగు గళ్ళు గీశారు. ఒకరోజు తన అంకె పెరిగి, కారు అంకెలు సరిగ్గా ఉంటే, "ఇది నాకంటే పథ్యంగా ఉంది" అని కారుని మెచ్చుకున్నారు. ముందు రోజు చెల్లెలు పంపిన పూతరేకులు తిన్నది కారు కాదు కదా.

ఆఫీసులో జరిగిన మూడు మెషీన్ల తగువు గురించి చెబితే అత్తగారు కొట్టిపారేశారు. "రెండు సుగర్ మెషీన్లు కొన్నవాళ్ళకి మనశ్శాంతి ఉండదు. ఒకదాన్నే నమ్ముకోవాలి." ఆ తీర్పుని మర్నాడు ఆఫీసులో వినిపించాను. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరి మెషీన్‌ని నమ్మాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

కొద్ది రోజులకి సెల్లార్‌లో మా చుట్టూ జనం చేరడం మొదలైంది. పై అంతస్తులో ఉండే కర్నూలు ఆయన, రియల్ ఎస్టేట్ చేస్తాడు, తన పెద్ద కారు చూపించి, "పెద్దమ్మా, మా బండికి గూడ రొంత చూడండి" అన్నాడు. అత్తగారు డాక్టరులాగా, "పొద్దున్నుంచి ఎక్కడికైనా తిరిగొచ్చావా?" అని అడిగారు. పాల కోసం వెళ్ళొచ్చానన్నాడు. "అయితే ఇవాళ చూడను. రేపు పరగడుపున రా" అని పంపించేశారు. అంత పెద్ద మనిషీ బుద్ధిగా మర్నాడు ఆరింటికే వచ్చి నిలబడ్డాడు.

ఇంత జరుగుతున్నా, మూసాపేట మాట మాత్రం ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఈసారి అడిగి కాదనిపించుకోదలుచుకోలేదు. రెండు శనివారాలు ఆమె ఆటోలోనే వెళ్ళారు. గేటు దాకా వెళ్ళి సాగనంపి, నవ్వు మొహంతో చెయ్యూపి, పైకొచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను.

ఆమె మళ్ళీ మూసాపేట వెళ్ళాల్సిన శనివారం వచ్చింది. నాలుగు గళ్ళలోనూ ముప్పై మూడు. అలా వరసగా ఏడో రోజు. ఆమె పుస్తకం మూసి, పెన్నుకి టోపీ పెట్టి, "స్నానం చేసి వస్తాను. కారు అక్కడే ఉంచు" అన్నారు.

నాకు విన్నది నిజమో కాదో తెలియలేదు. అరగంటలో జరీ అంచు చీర కట్టుకుని, చెల్లెలికి గోంగూర పచ్చడి సీసా సంచిలో పెట్టుకుని దిగారు. కారు చుట్టూ ఒకసారి తిరిగారు. వెనక ఎడమ టైరు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడని నిర్ధారించుకుని, చెప్పు విడిచి కాలి బొటనవేలితో దాన్ని చిన్నగా తాకారు. తరవాత వంగి, చేత్తో టైరుని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. నేను చూడనట్టు అద్దం తుడుస్తూ నిలబడ్డాను.

ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. చందానగర్ దాకా తలుపు పిడి వదల్లేదు. ఒక బస్సు పక్కకి వస్తే ఆమె కుడికాలు గట్టిగా కిందకి నొక్కారు, బ్రేకు అక్కడుందన్నట్టు. నేను పాటలైనా పెట్టలేదు. లైసెన్సు పరీక్షలో కూడా అంత భయపడలేదు. మియాపూర్ దగ్గర సిగ్నల్ పడితే, ఇంతకుముందెప్పుడూ ఆపనంత మెల్లగా ఆపాను. పచ్చ లైటు పడ్డాక ఏదో అందామని పక్కకి చూస్తే, ఆమె చెయ్యి పిడి మీద లేదు. ఒళ్ళో ఉంది. తల కిటికీ వైపు వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుని, సన్నగా గురక వినబడుతోంది.

మెట్రో స్తంభాల పక్కన, హారన్ల మధ్య, మా అత్తగారు నా కారులో నిద్రపోతున్నారు.

కూకట్‌పల్లి దాటింది. మూసాపేట వచ్చింది. వాళ్ళ చెల్లెలి సందు కూడా వచ్చింది. నేను తిప్పలేదు. ఆ సందులో గుంతలున్నాయి, లేచిపోతారు. నేరుగా ముందుకి పోయి, ఎక్కడో దూరంగా యూ టర్న్ తీసుకుని, మళ్ళీ వెనక్కొచ్చి, మళ్ళీ సందు దాటేశాను. కళ్ళు తడిసి రోడ్డు మసకబారితే పమిటతో తుడుచుకున్నాను. రెండో చుట్టులో ఉండగా ఆమె ఫోన్ మోగింది. ఇంకా రాలేదేమిటని చెల్లెలు.

అత్తగారు ఉలిక్కిపడి లేచి, నోరు తుడుచుకుని, "వచ్చేశామా? నేనేం నిద్రపోలేదు, కళ్ళు మూసుకున్నానంతే" అన్నారు. తరవాత ఫోన్‌లో, "వస్తున్నామే. మా కోడలు తీసుకొస్తోంది. ట్రాఫిక్ ఎక్కువగా ఉంది" అన్నారు. రోడ్డు ఖాళీగానే ఉంది. నేను ఇండికేటర్ వేసి సందులోకి తిప్పాను.

సాయంత్రం తిరిగొచ్చి, ఇద్దరం టీ తాగుతుండగా నా ఫోన్‌కి మళ్ళీ ఆ సందేశం వచ్చింది. మీరు కొన్న వస్తువు ఎలా ఉంది అని. చదివి వినిపించాను.

"పాపం, అడగ్గా అడగ్గా చెప్పకపోతే ఎలా? రాయి, నేను చెబుతాను" అని ఆమె సర్దుకుని కూర్చున్నారు.

"ఎన్ని నక్షత్రాలిమ్మంటారు?"

"నాలుగియ్యి. డబ్బా నలిగొచ్చింది కదా."

నాలుగిచ్చాను. ఆమె చెప్పడం మొదలుపెట్టారు. "పొద్దున్నే పరగడుపున చూసుకోవాలి. తిరిగొచ్చాక చూస్తే తప్పు చూపిస్తుంది. రోజూ చూసి పుస్తకంలో రాసుకోవాలి. అలా చూసుకుని బయల్దేరితే..." అని ఆగారు.

నేను మిగతాది టైపు చేసి చూపించాను. కారులో హాయిగా నిద్ర పడుతుంది అని.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివి, తల అడ్డంగా ఊపారు. "నిద్ర అని రాయకు. కళ్ళు మూసుకోవచ్చు అని రాయి."

అలాగే రాశాను.